తొమ్మిదో రాయి పేరు

ఆ పుస్తకాన్ని బడి అల్మారాలో, పై అరలో, అట్ట బయటికి తిప్పి అందరికీ కనబడేలా పెట్టింది హిల్డాయే. పెట్టమని ఎవరూ అనలేదు. బడికి ఎవరొచ్చినా సరే, ఇన్‌స్పెక్టరు గానీ, టీకాలు వేసే నర్సు గానీ, చేతులు తుడుచుకుని దాన్ని కిందికి దించి, మొదట్లో ఉన్న కృతజ్ఞతల పేజీ తెరిచి చూపించేది. "మా అక్క హిల్డా లేకపోతే ఈ పుస్తకం లేదు" అని ఇంగ్లీషులో అచ్చయి ఉండేది అక్కడ. రెండేళ్లలో ఆ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకుందో ఆమెకే తెలియదు. మిగిలిన మూడువందల చిల్లర పేజీల జోలికి మాత్రం పోలేదు. పోయి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పుడు అనుకుని ఏం లాభం?

అసలు ప్రయత్నించలేదని కాదు. అయిదో తరగతి పంతులమ్మకి ఇంగ్లీషు రాకేం! కానీ ఆ ఇంగ్లీషు వేరు. తన తల్లి ఏ ఏడు ఎవరికి ఎన్ని పెండలం దుంపలు పంచిందో చెప్పడానికి 'బంధుత్వ వ్యవస్థలో అధికార పంపిణీ' అని పేరు పెట్టి ఒక అధ్యాయం. వాక్యం మొదలైతే పేజీ చివరికి గానీ ఆగదు. కొబ్బరి పీచు నమిలినట్టుండి, పదో పేజీకే దవడలు నొప్పెట్టాయి. రాసింది మన మిరియమే కదా, మంచే రాసి ఉంటుందిలే అని మూసేసింది.

మిరియమ్ ఆస్ట్రేలియాలో ఏదో విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ పద్నాలుగేళ్ల కిందట దీవిలోని ఈ సారామెతా ఊరికి వచ్చింది. పడవలోంచి ఒడ్డుకు దూకబోయి నడుంలోతు నీళ్లలో పడితే, చెయ్యిచ్చి లేపింది హిల్డా. అప్పట్నుంచి రెండేళ్లు ఆ ఇంట్లోనే తిండి, ఆ ఇంట్లోనే నిద్ర. చాపలు అల్లడం నేర్చుకుంది, ఒక్కటీ తిన్నగా రాలేదు. మూడేళ్ల లెవినా, హిల్డా కూతురు, మిరియమ్ చంక దిగితే ఒట్టు. హిల్డా తల్లి రోదా ఒక పందిని చంపించి, భుజాల మీద ఎర్రచాప కప్పి, ఊరందరి ముందు ఆ పిల్లని కూతురిగా కలుపుకుంది. హిల్డాకి తోడబుట్టినవాళ్లు లేరు. చెల్లెలు దొరికిందని మురిసిపోయింది, పిచ్చి తల్లి.

ఇక భూమి సంగతి. ఆ దీవిలో నేల తల్లి నుంచి కూతురికి వస్తుంది, మేనమామ దానికి కాపలా ఉంటాడు. రోదా వాళ్ల నేల పేరు వాయ్‌మెలె. ఇసుక ఒడ్డు నుంచి కొండ మీదికి ఎర్రమట్టి దాకా పోతుంది. పట్టాలు లేవు, కాగితాలు లేవు. తొమ్మిది రాళ్లున్నాయి. ఎనిమిదింటి పేర్లు అక్కడ దుంపలు తవ్వే ప్రతివాడికీ తెలుసు. తొమ్మిదోది ఎక్కడుందో, దాని పేరేమిటో ఇంటికి ఇద్దరికే తెలుస్తుంది. తగవంటూ వస్తే ఆ రాయి దగ్గరికి నడిచి, కింద పాతిపెట్టినదాన్ని తవ్వి చూపించినవాళ్లదే నేల. అలా తాతల నాటి నుంచి నడుస్తోంది.

రోదా జబ్బు పడ్డాక ఒకరోజు కూతుర్ని వాగు దగ్గరున్న తన ఇంటికి, మంచం దగ్గరికి పిలిచింది. "వారిమెతో. వాగు మలుపులో, సీమపనస చెట్టు మొదట్లో," అంది. "తవ్వకు. రాయకు. ఎవరికీ చెప్పకు. మీ మామయ్య తర్వాత ఇంటి మాట నీదే." ఆ వేళ హిల్డా ఇంటికి వచ్చే దారంతా తల ఎత్తుకుని నడిచింది. నలభై కుటుంబాల ఊళ్లో రేపు తన నోటి మాట మీద ఒక నేల నిలబడుతుంది. ఆ తర్వాత అది లెవినాకి వెళ్తుంది. ఆమెకి జీవితంలో అంతకన్నా పెద్ద పదవి అక్కర్లేదు.

నెల తిరక్కుండానే ఆ మాట మిరియమ్‌కి చెప్పేసింది. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని దుంపలు తవ్వుతున్నారు. "తొమ్మిదోది నాకు తెలియదు కదక్కా. అమ్మ నన్ను కూతురంది, కానీ ఇంకా పైదాన్నే కదా," అంది మిరియమ్, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని. హిల్డా గుండె కరిగిపోయింది. "రాయనని ఒట్టెయ్యి," అంది. "నీ మీద ఒట్టక్కా," అంది మిరియమ్, మట్టిచేతిని ఆమె తల మీద పెట్టి. హిల్డా చెప్పింది. ఆ మర్నాడు చెప్పినందుకు కాస్త భయపడింది, ఆ మర్నాడు మర్చిపోయింది. ఏడాదికి రోదా పోయింది, వాయ్‌మెలెలోనే పూడ్చారు. మిరియమ్ వెళ్లిపోయింది. పదేళ్లకి పుస్తకం వచ్చింది.

ఇప్పుడు తగవొచ్చింది. వాగవతలి ఆంబ్రోస్ ఒక హోటలు ఆసామితో మాట్లాడుకుని, వాయ్‌మెలె మా అమ్మమ్మ వాళ్లదేనంటూ లేచాడు. శనివారం పొద్దున్నే ఊరివాళ్లు సభ తీరే నకమాల్ ఇంటి ముందు పంచాయతీ పెట్టారు. రెండు వైపులా చుట్టరికం లేనివాడని పక్క ఊరి పెద్ద సెల్విన్‌ని పిలిపించి తీర్పు చెప్పమన్నారు. ఓడితే దుంపల తోటలు పోతాయి, తల్లి సమాధి మీద ఎవడో గుడిసెలేసి టూరిస్టులని పడుకోబెడతాడు. హిల్డాకి మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు.

ఆమె మేనమామ బాసిల్ మాత్రం తీరిగ్గా వచ్చి చాప మీద కూర్చున్నాడు. డెబ్భై దాటిన మనిషి, పళ్లు నాలుగే మిగిలాయి.

"ఏం బాసిలూ, రాత్రి నిద్ర పట్టిందా?" అన్నాడు ఆంబ్రోస్.

"ఎందుకు పట్టదు? నీ గురక వాగు దాటి వినబడుతున్నా పట్టింది," అన్నాడు బాసిల్. అందరూ నవ్వారు.

దావా తెచ్చినవాడే ముందు మాట్లాడాలి. ఆంబ్రోస్ లేచి ఎనిమిది రాళ్ల పేర్లూ గడగడా అప్పజెప్పాడు. అది ఎవరైనా చెప్తారని జనం ఆవులించారు. అప్పుడతను గొంతు సవరించుకుని, నేరుగా హిల్డా వైపే చూసి అన్నాడు: "తొమ్మిదోది వారిమెతో. వాగు మలుపులో, సీమపనస చెట్టు మొదట్లో."

హిల్డాకి తల తీసేసినట్టయింది. మామయ్య ముఖం చూసింది. బాసిల్ గడ్డం గోక్కుంటున్నాడు, అంతే.

"ఎవరు చెప్పారు నీకు?" అని అడిగాడు సెల్విన్.

"మా అమ్మమ్మ."

"మీ అమ్మమ్మ ఆ వాగులో కాలైనా తడుపుకోలేదురా!" అని ఆడవాళ్లలోంచి మిల్డ్రెడ్ అరిచింది. ఆవిడ రోదాకి పినతల్లి కూతురు, ఆ ఇంటి నోరంతా ఆవిడదే. "అల్లుడి ఇంట్లో కోడి ఎత్తుకొచ్చి పట్టుబడ్డ రకం, ఆవిడ చెప్పిందట రాయి పేరు!"

"చాల్లే మిల్డ్రెడ్," అన్నాడు సెల్విన్. "అందరూ తినండి. తిన్నాక రాయి దగ్గరికి నడుద్దాం."

అరిటాకుల్లోంచి వేడివేడి లాప్‌లాప్, దుంపల రొట్టె, తీసి కోసి పంచుతున్నారు. హిల్డా ఎవరికీ చెప్పకుండా బడికి పరిగెత్తింది. పుస్తకం దాని చోటులోనే ఉంది. చివరి పేజీల్లో పేర్ల పట్టిక వెతికింది. 'వారిమెతో, 247.' అంత సులువు. పిల్లలకి పాఠం వెతుక్కోవడానికి పెట్టినట్టు, అక్షరాల వరసలో.

247వ పేజీలో రాయి పేరుంది, వాగు మలుపు ఉంది, సీమపనస చెట్టు ఉంది. చిన్న పటం కూడా గీశారు, బాణం గుర్తుతో సహా! అడుగున చిన్న అక్షరాల్లో ఒక వివరణ: 'ఈ పేరు హిల్డా చెప్పగా విన్నది. నమోదు చేయడానికి ఆమె సమ్మతించారు.'

సమ్మతించారట! హిల్డా చిన్నపిల్లల బల్ల మీద కూలబడింది. రాసింది సరే, ఆశ పుట్టి రాసిందనుకుందాం. ఆ అబద్ధం ఎందుకు? తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన మనిషి, ఎక్కడో చల్లగా కుర్చీలో కూర్చుని, నెమ్మదిగా ఆలోచించి మరీ ఆ మాట టైపు చేసింది. ఎవరైనా అడిగితే తన మీదికి రాకుండా. కృతజ్ఞతల పేజీ మాత్రం కన్నీళ్లతో తడిసినట్టుంటుంది. "దొంగముండ," అంది హిల్డా పైకే. ఆ బడిలో ఎన్నడూ అలాంటి మాట అనలేదు.

పుస్తకాలు ఇచ్చిన రిజిస్టరు తీసింది. ఆరు వారాల కిందట కేలెబ్, ఆంబ్రోస్ కొడుకు, ఈ పుస్తకం పట్టుకెళ్లాడు. పేరు రాసుకున్నది హిల్డాయే. మన కుర్రాళ్లకి కూడా పెద్ద పుస్తకాల మీద మనసు పోతోందే అని ఆ పూట సంబరపడింది కూడా.

పుస్తకం, రిజిస్టరు పట్టుకుని తిరిగొచ్చేసరికి బాసిల్ లాప్‌లాప్ ముక్క చేత్తో చిదుముకుంటూ తింటున్నాడు. హిల్డా పక్కన కూర్చుని, "మావయ్యా, నేనొక తప్పు చేశాను," అంది.

"ముందు తిను."

"తినే సమయమా ఇది? ఆ పేరు వాడికి ఎలా తెలిసిందో నాకు తెలుసు. లేచి చెప్తే వాడు దొంగిలించాడని రుజువవుతుంది. కానీ నేను చెప్పానని కూడా అందరికీ తెలిసిపోతుంది."

బాసిల్ ఆమెని కాసేపు చూశాడు. "నీ ఇష్టం," అన్నాడు. ఇంకో ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

అంతే అన్నాడు ఆ ముసలాయన. గుర్తుంచుకోండి.

హిల్డా లేచింది. పరువా, నేలా అంటే ఆమె నేల వైపే నిలబడింది, అందులో వంక పెట్టడానికి లేదు. 247వ పేజీ పైకి చదివి, కింద చిన్న అక్షరాల ముక్క కూడా వదలకుండా చదివి, తమ భాషలో చెప్పింది. రిజిస్టరు తెరిచి కేలెబ్ పేరు చూపించింది. "ఈ పేరు ఆంబ్రోస్‌కి వాళ్ల అమ్మమ్మ చెప్పలేదు. ఈ పుస్తకం చెప్పింది. పుస్తకానికి నేను చెప్పాను," అంది.

మిల్డ్రెడ్ ఒంటికాలి మీద లేచింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! అక్క ప్రాణంలాంటి మాట, నమ్మి నీ చేతిలో పెడితే, దాన్ని తీసుకెళ్లి తెల్లపిల్ల ఒళ్లో పోశావటే! ఏమిచ్చింది నీకు? పుస్తకంలో పేరా? దాన్నే కదూ రెండేళ్లుగా ఊరంతా తిప్పి చూపించావు! మేమంతా తలకాయలూపాం కూడానూ!"

"పిన్నీ..."

"పిన్నీ లేదు, గిన్నీ లేదు. నన్ను పిలవకు!"

ఆంబ్రోస్ చేతులు చాచి, "నాకు ఇంగ్లీషు ముక్క రాదు, అందరికీ తెలుసు. పుస్తకాలు చదివే మొహమేనా ఇది?" అన్నాడు. అతని వైపువాళ్లు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. జనంలో చివర నిలబడ్డ లెవినా తల్లి వైపు చూడకుండా నేల చూపులు చూస్తోంది. పదిహేడేళ్ల పిల్ల. హిల్డాకి మిల్డ్రెడ్ తిట్లకన్నా అది ఎక్కువ కోసింది.

సెల్విన్ కర్రతో నేల మీద కొట్టాడు. "ఎవరు ఎవరికి చెప్పారో తర్వాత చూద్దాం. పేరు చెప్పినవాడు రాయి చూపించాలి. పదండి."

వాగు మలుపులో సీమపనస చెట్టు మొదట్లో నిజంగానే ఒక రాయి ఉంది. ఆంబ్రోస్ పెద్ద దర్జాగా కొడుకు చేతికి పార ఇచ్చాడు. కేలెబ్ రాయి దొర్లించి తవ్వాడు. మోకాలి లోతు తవ్వాడు. నడుం లోతు తవ్వాడు. రెండు పీతలు బయటికొచ్చి పారిపోయాయి, ఇంకేమీ లేదు. పక్కకి తవ్వాడు. మట్టి, వేళ్లు. చెమటలు కారుతుంటే తండ్రి వైపు చూశాడు. ఆంబ్రోస్ ముఖం కందగడ్డలా అయింది.

బాసిల్ అప్పుడు నవ్వాడు. ఉన్న నాలుగు పళ్లూ కనబడేలా నవ్వి, సెల్విన్ చెవి దగ్గరికి వెళ్లి ఏదో ఒక్క మాట చెప్పాడు. తర్వాత ఇద్దరూ ముందు, జనం వెనక, వాగు దాటకుండా పైకి, చామ మడుల గట్టు వెంట నడిచి, ఎవరూ ఏనాడూ కన్నెత్తి చూడని ఒక చదును రాయి దగ్గర ఆగారు. బాసిల్ తన చేత్తోనే తవ్వాడు. జానెడు లోతులో నల్లబడ్డ గుడ్డపీలికలు, వాటిలో చుట్టిన పంది దవడ. దాని కోర ఏళ్ల తరబడి పెరిగి, గుండ్రంగా తిరిగి మళ్లీ ఎముకలోకి దిగి ఉంది. చూసిన ప్రతివాడూ ముక్కున వేలేసుకున్నాడు. సెల్విన్ దాన్ని పైకెత్తి, "వాయ్‌మెలె రోదా వాళ్లది," అన్నాడు. అంతటితో పంచాయతీ తేలిపోయింది.

ఆడవాళ్లు కేకలు పెట్టి ఒకరినొకరు వాటేసుకున్నారు. మిల్డ్రెడ్ ఏడుస్తూ నవ్వింది. హిల్డా కూడా రెండడుగులు ముందుకి వేసింది, ఎవరైనా తననీ పట్టుకుంటారని. ఎవరూ పట్టుకోలేదు. అప్పుడు గానీ ఆమెకి అసలు సంగతి తలకెక్కలేదు. జనం కిందికి దిగుతుంటే బాసిల్ చొక్కా పట్టుకుని ఆపింది.

"అమ్మ నాకు చెప్పిన పేరు అబద్ధమా?"

"అబద్ధమే."

"నీకు ముందే తెలుసా?"

"ఆ రోజే తెలుసు. నేనూ మా అక్కా కలిసే అనుకున్నాం. ఆ పిల్ల నీ వెనకే తిరుగుతోంది, నువ్వు ఏదీ దాచుకోలేని మనిషివి. నీకు చెప్తే దానికి చెప్తావు, దానికి చెప్తే లోకానికి చెప్తుంది. పేరు బయటికి పొక్కితే దొంగ ఎవడో తెలుస్తుంది కూడా అంది మా అక్క. గట్టిది. చూడు, ఎలా పనికొచ్చిందో!"

"పనికొచ్చింది," అంది హిల్డా. "మరి పొద్దున నేను లేచి చెప్పబోతుంటే నన్ను ఆపొచ్చు కదా! వాడు తవ్వితే ఏమీ దొరకదని నీకు తెలుసు. నేను నోరు విప్పకపోయినా నేల మనదే. ఊరి ముందు నన్నెందుకు నిలబెట్టావు మావయ్యా?"

బాసిల్ ముఖంలో నవ్వు పోయింది. "నిన్ను నేను నిలబెట్టలేదమ్మాయ్. నీ ఇష్టమన్నాను. మా అక్క నీకు ఒక్క మాట ఇచ్చి ఒక్క నెల చూసింది. నువ్వు చెప్పావని ఆవిడకి తెలుసు. ఆ తెల్లపిల్ల మర్నాడే ఆ చెట్టు చుట్టూ తిరిగి, అడుగులతో కొలుచుకుంది. మంచం మీంచి కిటికీలోంచి చూసింది మా అక్క. నాకు చెప్పి ఏడ్చింది."

"నాతో ఒక్క మాట అనలేదు..." అంది హిల్డా. "ఏడాది బతికింది ఆ తర్వాత. రోజూ స్నానం చేయించాను, తలదువ్వాను. ఒక్కసారి తిట్టినా బాగుండేది. నన్ను నమ్మినట్టు నటిస్తూనే పోయిందా?"

బాసిల్ చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. మిరియమ్ మోసం చేసిందంటే సరే, పరాయిది, సముద్రం అవతలిది, తిట్టుకోవచ్చు. కన్నతల్లిని ఎలా తిట్టుకోవడం? పైగా ఆమె మోసం వల్లే ఈ నేల దక్కింది. ఇంతకన్నా దిక్కుమాలిన గెలుపు ఎవరికైనా వచ్చిందా అని హిల్డాకి అనిపించింది.

ఇక ఆ చదును రాయిని అందరూ చూసేశారు కాబట్టి, దవడని వేరే చోట పాతి వేరే పేరు పెట్టాలి. ఆ పని ఆలస్యం చేయకూడదు. బాసిల్ పంది దవడని సంచిలో వేసుకుని, చుట్టూ చూసి, "లెవినా, రావే," అన్నాడు. హిల్డా వాళ్ల వెనకే అడుగు వేయబోతే చెయ్యెత్తాడు. "నువ్వు ఇంటికెళ్లమ్మా. అలసిపోయావు."

గట్టిగా కూడా అనలేదు. లెవినా ఒక్కసారి వెనక్కి చూసి, తాతయ్య వెంట వెళ్లిపోయింది.

హిల్డా ఇంటికి వచ్చి పొయ్యి రాజేసింది. అన్నం వండింది, చేపల డబ్బా తెరిచి ఉల్లిపాయ వేసి వేయించింది. చెయ్యడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఊరి మధ్య నుంచి పాటలు వినబడుతున్నాయి, ఎవరూ పిలవడానికి రాలేదు. పొద్దు వాలుతుండగా లెవినా వచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. హిల్డా వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"లెవీ, నేనెవరికీ చెప్పను," అంది హిల్డా. అడుక్కుంటున్నట్టు వచ్చింది గొంతు, సిగ్గేసింది, అయినా ఆపుకోలేకపోయింది. "ఎవరికి చెప్తాను ఇంక? నాకెవరున్నారు? పేరు కూడా వద్దు. ఎక్కడ పాతారో అది చెప్పు చాలు. నా తల్లి నేలే, నా కాళ్ల కింద ఎక్కడుందో నాకు తెలియొద్దా?"

లెవినా తల్లి ముఖంలోకి చూసింది. జాలిగా చూసింది. చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"నీకు చెప్పకుండా ఎలా ఉంటానమ్మా?" అంది. "కింద ఒడ్డు మీద, పాత పడవల పాక వెనక. ఇసుకలో."

హిల్డా తల ఊపింది. గుండెల్లో ఒక్కసారిగా వెచ్చగా అయింది, ఏడుపొచ్చింది, కళ్లు దించుకుంది. దించుకున్న కళ్లకి కూతురి పాదాలు కనబడ్డాయి. వేళ్ల సందుల్లో, మడమల మీద, గోళ్ల కింద, ముద్దలు ముద్దలుగా కొండమీది ఎర్రమట్టి. ఇసుక రేణువు ఒక్కటి లేదు.

హిల్డా కూతురి చెయ్యి మెల్లగా విడిపించుకుని లేచింది.

"కాళ్లు కడుక్కుని రా," అంది. "అన్నం చల్లారిపోతోంది."